పాలమూరు పొగ చరిత్ర – 6: పొగకు పట్టా ఉండదు



ఐదో భాగం చదివి పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మే చేస్తున్న ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. "అన్నా, భూమికి కులముంది, నీళ్లకు కులముంది, ఒప్పుకుంటా. గాలికి కూడా ఉందంటే జర అతి అనిపిస్తుంది" అని. మంచి మాటే. గాలికి కులం లేదు. గాలిని బాగుచేస్తామని సర్కారు ఇచ్చే పైసలకు ఉంది. ఆ పైసలు ఎవరి పేరున మంజూరవుతాయి, ఎవరి గడప కాడ ఆగిపోతాయి అన్నదే ఈ భాగం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. 2016 అక్టోబర్ 11 దాకా ఈ మూడూ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. వీటిల్లోనే తిరుగుదాం. మధ్యలో ఒకటి రెండు సార్లు ఢిల్లీ పోయి రావాల్సి వస్తుంది.

పొగ రాకముందు నీళ్లెట్లా పారేవో ముందు చెప్పాలి. మోట. బావి మీద గిలక, రెండెడ్లు, మోకు, తోలు బొక్కెన. ఆ తోలు మాదిగలది. చచ్చిన పశువును మోసుకుపోయింది వాళ్లే. తోలు ఒలిచి, లందలో నానబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసి, మోట కుట్టింది వాళ్లే. నడి ఎండాకాలం మోట చిరిగితే పరుగున పోయి అతుకేసింది వాళ్లే. దీనికి కూలి లేదు. పంట కల్లం కాడికొచ్చినప్పుడు ఇన్ని మానికల గింజలు కొంగులో పోసేవారు, అంతే. ఆ ఎడ్లను తోలింది చాలా ఊర్లలో జీతగాడు, అతనూ మనోడే. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల కాలం నుంచి ఈ ప్రాంతంలో సాగునీటికి కావలసిన చాకిరీ వెలివాడ నుంచి పోయింది, పారిన మడి మాత్రం వెలివాడది కాదు. అప్పు కింద మనిషిని కట్టేసుకునే భాగేలా పద్ధతి ఎంత ముదిరిందంటే, నిజాం సర్కారే 1936లో దాని మీద ఒక చట్టం తేవాల్సి వచ్చింది. అది కాగితం మీద ఎంత, ఊర్లో ఎంత అన్న సంగతి రెండో భాగంలో రాసిన, మళ్లీ రాయను.

తర్వాత ఆయిల్ ఇంజన్ వచ్చింది. మన పల్లెల్లో పొలం కాడ పొగ గొట్టంతో నిలబడ్డ మొదటి యంత్రాల్లో అదొకటి. నల్లటి డీజిల్ పొగ, డుగుడుగు చప్పుడు. దాన్ని కొనడానికి సర్కారు అప్పు, రాయితీ రెండూ ఇచ్చింది. ఈ అప్పుల తాత పేరు తకావీ. బ్రిటిష్ ఇండియాలో 1883, 1884 చట్టాలతో గట్టిపడ్డ పద్ధతి. బావి తవ్వుకోవడానికి, ఎడ్లు కొనుక్కోవడానికి అప్పు, హామీగా భూమి. 1940ల్లో కరువు భయంతో 'ఎక్కువ తిండి పండించండి' ఉద్యమం మొదలైంది. బావులకు, పంపులకు, ఎరువులకు సర్కారు పైసలు పారాయి. ఆ ఉద్యమం ఎందుకు అనుకున్నంత ఫలితమివ్వలేదో 1952లో ఒక కమిటీ లెక్క తీసింది. ఆ లెక్క మీదనే సమితులు, బీడీవోలు పుట్టుకొచ్చారు. అప్పు పెరిగింది, ఆఫీసు పెరిగింది, కానీ హామీ కింద అడిగిన కాగితం మారలేదు. పట్టా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆయిల్ ఇంజన్ కొన్న పటేలుకు సర్కారు సాయం దొరికింది. ఇంజన్ రావడంతో మోట కుట్టే పని పోయిన మాదిగకు ఏం దొరికింది? ఆ నష్టాన్ని నష్టంగా రాసిన సర్కారు కాగితం ఒక్కటి కూడా నా కంట పడలేదు. మా తాత కుట్టిన ఆఖరి మోటను ఎవరూ తీసుకపోలేదు, ఇంట్లో దూలానికి వేలాడుతూ ఎలుకల పాలైంది. మోట పోయిందని నేను ఏడ్వట్లేదు. చచ్చిన గొడ్డు వాసన నుంచి, కల్లం కాడ చేతులు చాపే బతుకు నుంచి మనవాళ్లు బయటపడ్డ ప్రతి దారీ మంచిదే. నేను అడిగేది లెక్క గురించి. కొత్త యంత్రం కొనేవాడికి సర్కారు చేయూత ఉన్నప్పుడు, ఆ యంత్రం ఎవరి చేతి పనిని తీసేసిందో వాడికి ఎందుకు లేదు? ఈ ప్రశ్నను గుర్తు పెట్టుకోండి, ఇంకో రెండు మూడు చోట్ల మళ్లీ ఎదురవుతుంది.

ఆయిల్ ఇంజన్ పొగ ఎట్లా తగ్గింది? కరెంటుతో. 1980ల్లో హార్స్‌పవర్ లెక్కన నామమాత్రపు చార్జీ, 2004 మే 14న రాజశేఖర రెడ్డి ప్రమాణం చేసిన రోజే ఉచిత కరెంటు సంతకం, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు. ఎవరూ దీన్ని గాలి కాలుష్యం పథకం అనలేదు. కానీ నా ఉద్దేశంలో మన పొలాల మీద డీజిల్ పొగను తగ్గించిన పెద్ద సర్కారు రాయితీ ఇదే. ఊర్లో ఎన్ని ఎక్కువ బోర్లుంటే అంత ఎక్కువ రాయితీ. బోరు లేనోడికి సున్నా. పదెకరాల్లో మూడు బోర్లున్నాయన అందుకున్న సాయాన్ని, ఆయన పొలంలో నాటేసే అక్క అందుకున్నదాన్ని పక్కపక్కన రాసి చూడండి.

కరెంటుతో పాటు నీళ్లొచ్చాయి. జూరాల, తర్వాత కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలు. వలసల జిల్లా అని పేరు మోసిన పాలమూరులో వరి పచ్చబడింది. సంతోషమే, కాదనేవాడు మూర్ఖుడు. వరితో పాటు కోత మిషన్ వచ్చింది. కోత మిషన్ తల కోసుకుపోతుంది, కొయ్యకాళ్లు మిగులుతాయి. వానాకాలం పంటకూ యాసంగికీ మధ్య దొరికేది కొన్ని రోజులే, అందుకే అగ్గిపుల్ల గీస్తారు. చేత్తో కోసినప్పుడు గడ్డి ఇంటికొచ్చేది, కోసిన ఆడవాళ్లకు నెల రోజుల కైకిలి దొరికేది. ఇప్పుడు గడ్డి పొగ అవుతుంది, కైకిలి గంటల లెక్కన మిషన్ కిరాయిగా మారింది. పొలం గట్టు మీద కలుపుకో, నారుకో పోయే ఆడవాళ్ల నోట్లోకి ఆ పొగ పోతుంది. పొలం యజమాని ఆ టైముకు వనపర్తిలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు.

దీనికి సర్కారు చేసింది చూద్దాం. 2015 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల్లో కొయ్యకాళ్లు కాల్చొద్దంది. 2018లో కేంద్రం పైసలు తీసింది. కొయ్యకాళ్లను పొలంలోనే కలిపేసే యంత్రాలకు ఒక్కో రైతుకు సగం ధర, సహకార సంఘాలకు, అద్దె యంత్ర కేంద్రాలకు 80 శాతం. ఎక్కడెక్కడ? పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీ. తెలంగాణ పేరు అందులో లేదు. ఎందుకంటే మన పొగ పార్లమెంటు దాకా పోదు. ఈ మాట ఎగతాళికి అనట్లేదు. 2019 జనవరిలో వచ్చిన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమం ఏ పట్టణాల్లో మీటర్లు పెట్టి ఏండ్ల తరబడి కొలిచారో, వాటిలోంచే జాబితా తీసింది. తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డి, నల్లగొండ ఉన్నాయి. మన మూడు జిల్లాల్లో ఒక్క ఊరూ లేదు. మీటరు లేనిచోట పొగ లేనట్టే లెక్క.

జాబితాలోకి ఎక్కిన పట్టణాల్లో ఆ పైసలు ఏమయ్యాయి? సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో తీసిన లెక్క ప్రకారం దేశం మొత్తం మీద 64 శాతం రోడ్డు దుమ్ము మీదనే ఖర్చయింది. రోడ్లు వేయడం, గుంతలు పూడ్చడం, నీళ్లు చల్లడం, ఊడ్చే మిషన్లు. నగరాల్లో రోడ్డు ఊడ్చేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. ఆ చీపురు పట్టిన అక్కకు మాస్కు, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష అదే పద్దులోంచి ఇయ్యొచ్చు కదా? ముందు మిషన్ కొంటారు, తర్వాత అక్కను తీసేస్తారు. మోట కథ మళ్లీ వచ్చింది, గమనించారా.

యంత్రాల రాయితీల్లో ఎస్సీలకు ఎక్కువే ఇస్తున్నారు కదా అని ఒకాయన ప్రతి భాగం కింద కామెంట్ పెడతాడు. నిజమే. 2014-15 నుంచి ఉన్న కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్‌లో చాలా యంత్రాలకు ఎస్సీ, ఎస్టీ, సన్న, చిన్నకారు, మహిళా రైతులకు 50 శాతం దాకా, మిగతావాళ్లకు 40 శాతం దాకా. పది శాతం తేడా. ఎకరం పది గుంటల అసైన్డ్ భూమి ఉన్నోడికి లక్షల యంత్రం మీద యాభై శాతం తగ్గించినా మిగతా యాభై ఎక్కడి నుంచి వస్తుంది? బాబాసాహెబ్ 1918లోనే, ఇరవై ఏడేండ్ల వయసులో, భారతదేశపు చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో ఈ ముడి విప్పాడు. కమతం చిన్నదా పెద్దదా అని ఒట్టి ఎకరాల్లో కొలవొద్దు, దాని మీద పెట్టడానికి పెట్టుబడి, పనిముట్లు ఎన్నున్నాయో చూడాలన్నది ఆయన వాదన. భూమి మీద మరీ ఎక్కువమంది బతుకుతున్నారు, పరిశ్రమలు కావాలన్నాడు. విద్యార్థి మిత్రులు ఆ వ్యాసం చదవాలి. కులం పేరు దాదాపు ఎత్తకుండా కులం ఆర్థికాన్ని విప్పడం ఎట్లాగో అక్కడ నేర్చుకోవచ్చు.

ఇప్పుడు బండ్ల సంగతి. 2015 ఏప్రిల్‌లో కేంద్రం ఫేమ్ పథకం పెట్టింది, 2019 ఏప్రిల్‌లో పదివేల కోట్లతో రెండో విడత, 2024 అక్టోబర్‌లో పీఎం ఈ-డ్రైవ్. కరెంటు బండి కొంటే బ్యాటరీ సైజు లెక్కన ధర తగ్గింపు. ఆ తగ్గించిన పైసలు సర్కారు నుంచి కంపెనీకి పోతాయి. తెలంగాణ 2020 అక్టోబర్‌లో తన పాలసీ తెచ్చింది. మొదటి రెండు లక్షల ద్విచక్ర వాహనాలకు, ఇరవై వేల ఆటోలకు, ఇంకా కొన్ని కార్లకు, బస్సులకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. 2024 నవంబర్ 18 నుంచి ఆ పరిమితులూ ఎత్తేసి 2026 చివరి దాకా మాఫీ అన్నారు. ట్యాక్స్ మాఫీలో ఒక కిటుకుంది. బండి ధర పెరిగేకొద్దీ ట్యాక్స్ శాతం పెరుగుతుంది కాబట్టి మాఫీ కూడా పెరుగుతుంది. పదిహేను లక్షల కారు కొన్నాయనకు రెండు లక్షలు పైగా మిగులుతుంది. విత్తన పత్తి క్రాసింగ్‌కు పొద్దున ఐదింటికి ఆడవాళ్లను ఎక్కించుకపోయే డీజిల్ ఆటో తమ్ముడి దగ్గర, కొత్త ఆటోకు కట్టాల్సిన మొదటి కిస్తీయే ఉండదు. రోజూ ఆ ఆటోలో పన్నెండు మంది ఒకరి ఒళ్లో ఒకరు కూర్చొని పొగ పీల్చుకుంటూ పోతారు. వాళ్లలో ఎవరి పేరు మీదా బండి లేదు కాబట్టి ఏ పాలసీలోనూ వాళ్లు లేరు.

దళితబంధు గురించి రాయకపోతే ఈ చరిత్ర సగమే. 2021 ఆగస్టు 16న హుజూరాబాద్ నియోజకవర్గం శాలపల్లిలో మొదలైంది. ఒక్కో కుటుంబానికి పది లక్షలు, బ్యాంకు అప్పు లేకుండా. తర్వాత రాష్ట్రంలో నాలుగు మండలాలను మొత్తంగా తీసుకున్నారు, అందులో ఒకటి మన నాగర్‌కర్నూల్ జిల్లా చారకొండ. పట్టా అడగని పథకం, తాకట్టు అడగని పథకం. ఎంపికలో లీడర్ల చేతివాటం మీద నేను అప్పుడే తిట్టిన, ఇప్పుడూ తిడతా. అయినా నడిపేవాడే బండికి ఓనర్ కావాలన్న ఆలోచన తకావీ నాటి నుంచి వచ్చిన హామీ పద్ధతిని తెంచింది, అది ఒప్పుకోవాలి. మనవాళ్లు ఎక్కువగా కోరుకున్నవి ట్రాక్టర్లు, కార్లు, ట్రాలీ ఆటోలు. దాదాపు అన్నీ డీజిల్‌వే. తప్పేంలేదు, ఊర్లో కరెంటు బండి చార్జింగ్ ఎక్కడ, రిపేరు ఎక్కడ? నన్ను తొలిచేది వేరే ఉంది. కరెంటు బండ్ల పాలసీ వచ్చిన పది నెలలకే దళితబంధు వచ్చింది. రెండూ ఒకే సర్కారువి. ఈ రెండిటినీ కలిపి, చారకొండలో ఒక చార్జింగ్ కేంద్రం, ఒక మెకానిక్ శిక్షణ పెట్టి, పది లక్షలకు తోడు బండి రాయితీ కలిపి ఇద్దామని ఎవరైనా కూర్చొని మాట్లాడిన జాడ నేను చూడలేదు. ఈ మూడు జిల్లాలు దాదాపుగా ఒకే లోక్‌సభ స్థానం, అది ఎస్సీ రిజర్వుడు. ఆలంపూర్, అచ్చంపేట అసెంబ్లీలూ రిజర్వుడే. అడగాల్సిన కుర్చీలు మనకున్నాయి, అడిగిన మాటే లేదు.

ఇక పెద్ద ధన్వాడ. ఈ భాగం రాయడానికి అసలు కారణం అదే.

బండ్ల పొగ తగ్గించాలంటే పెట్రోలులో ఇథనాల్ కలపాలన్నది కేంద్రం లెక్క. 2018లో జీవ ఇంధన విధానం, 2030కి అనుకున్న ఇరవై శాతం లక్ష్యాన్ని 2025-26కే జరిపారు. దానికి ఇచ్చిన ప్రోత్సాహకాలు చూడండి. 2021 జనవరిలో ధాన్యంతో ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలకు కూడా బ్యాంకు వడ్డీలో ఆరు శాతం, లేకపోతే సగం వడ్డీ, ఏది తక్కువైతే అది ఐదేండ్లు కేంద్రమే కడతానంది. ఎఫ్‌సీఐ గోదాముల బియ్యం ఇచ్చింది. 2025 మొదట్లో ఆ బియ్యం ధరను క్వింటాలుకు 2,800 నుంచి 2,250 రూపాయలకు దించింది. 2021 జూన్‌లో ఇంకొకటి చేసింది. పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసమే పెట్టే, వ్యర్థజలం బయటికి వదలమని చెప్పే ధాన్యపు ఫ్యాక్టరీలను పర్యావరణ అనుమతుల్లో బీ2 కేటగిరీలోకి మార్చింది. బీ2 అంటే ప్రజల ముందు బహిరంగ విచారణ అక్కర్లేదు. వడ్డీ రాయితీ కంటే, బియ్యం రాయితీ కంటే పెద్ద రాయితీ ఇదేనంటాను నేను. ఊరిని అడగకుండా ఊరిపక్క ఫ్యాక్టరీ కట్టుకునే రాయితీ.

ముందు పక్క జిల్లా నారాయణపేటలో చిత్తనూరు. అక్కడ ఇథనాల్ ఫ్యాక్టరీ వచ్చింది, వాసన, వాగు నీళ్ల మీద గొడవ మొదలైంది. 2023 అక్టోబర్‌లో పోలీసులకూ జనానికీ కొట్లాట దాకా పోయింది. చిత్తనూరు సంగతి నడిగడ్డ ఊర్లకు తెలుసు. అందుకే జోగులాంబ గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ అనగానే తుంగభద్ర ఒడ్డు ఊర్లు కదిలాయి. నెలల తరబడి దీక్షలు. 2025 జూన్ 4న పనులు మొదలుపెట్టబోతే చుట్టుపక్కల ఊర్ల జనం ఎదురు తిరిగారు, కంపెనీ గుడారాలు, బండ్లు ధ్వంసమయ్యాయి, రైతుల మీద కేసులు, అరెస్టులు. ఆ నెలలోనే వాళ్లను ఆలంపూర్ కోర్టుకు బేడీలు వేసి తీసుకురావడం రాష్ట్రమంతా చూసింది. పోలీసు సిబ్బంది మీద సస్పెన్షన్ వేటు పడింది. రోజూవారీ అలవాటుగా బేడీలు వేయడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1980లోనే ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో చెప్పింది. నలభై ఐదేండ్ల తర్వాత కూడా ఆలంపూర్‌లో ఆ తీర్పు ఎవరికీ గుర్తుకు రాలేదు.

ఇది ఒట్టి రైతుల సమస్య, భూమి లేనోళ్లకు ఫ్యాక్టరీలో ఉద్యోగాలొస్తాయి కదా అని మన వాడల్లో కూడా కొందరు అన్నారు. ఆ మాటను కొట్టిపారేయను. బాబాసాహెబే పరిశ్రమలు కావాలన్నాడని ఇప్పుడే రాసిన. కానీ ఆ ఉద్యోగాలు ఎన్ని, పర్మినెంటా కాంట్రాక్టా, ఊరి ఎస్సీలకు ఎన్ని అన్నది అడగడానికి ఉన్న చోటే ఆ బహిరంగ విచారణ. ఊరందరి ముందు లేచి, మైకు పట్టుకొని, అధికారి రాసుకునేటట్టు మాదిగవాడ మనిషి మాట్లాడగలిగిన అరుదైన వేదిక అది. దాన్నే తీసేశారు. హైదరాబాద్‌లో కారు పొగ కొంచెం సన్నబడితే సన్నబడొచ్చు, దాని ఖర్చు ధన్వాడ ఖాతాలో రాశారు.

మరి పొగ పీల్చేవాళ్లకు ఎవరూ ఎన్నడూ ఇయ్యలేదా? ఇచ్చారు. 2021 నవంబర్‌లో ఢిల్లీ గాలి విషమైతే కట్టడం పనులు ఆపేశారు. అడ్డా కూలీలు పస్తులు. నవంబర్ 24న సుప్రీంకోర్టు, పని ఆగిన రోజులకు కూలీలకు బతుకు ఖర్చు ఇయ్యండి, భవన నిర్మాణ కార్మికుల సెస్సు నిధిలోంచి తీయండి అన్నది. ఢిల్లీ సర్కారు తలా ఐదువేలు ప్రకటించింది. బోర్డులో రిజిస్టర్ అయినోళ్లకే అన్నది దాని లోపం. అయినా గాలి బాగు కోసం పని పోయిన మనిషికి పైసలు ఇయ్యడం సాధ్యమేనని ఒక రుజువు దొరికింది. ఆ నిధి తెలంగాణలోనూ ఉంది. బొంబాయి, పుణె, హైదరాబాద్ అడ్డాల మీద నిలబడే పాలమూరు మనిషికి ఇది పనికొచ్చే ఉదాహరణ.

ఇంకొకటి మన నల్లమలలోనే. 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. అటవీ హక్కుల పట్టాలున్న గిరిజన రైతులకు నూటికి నూరు శాతం సర్కారు ఖర్చుతో సోలార్ పంపు. 12,600 కోట్లు, రెండు లక్షల పదివేల మంది, ఆరు లక్షల ఎకరాలు, ఐదేండ్లు అని ప్రకటన. కేంద్రం కుసుమ్ పథకంలో రైతు నలభై శాతం దాకా పెట్టుకోవాలి, ఇందులో ఏమీ లేదు. చెంచు అన్నదమ్ముల పొలంలో పొగ లేకుండా నీళ్లు పారితే మనకంటే సంతోషించేవాళ్లు ఎవరు? నాకున్న పేచీ ఒక్కటే, మళ్లీ పట్టా దగ్గరే. హక్కు పత్రం రానోళ్ల సంగతేంటి? అదే అడవి అంచున పోడు కొట్టుకున్న ఎస్సీ కుటుంబం 2006 చట్టం కింద మూడు తరాలు, అంటే 75 ఏండ్లు అక్కడే ఉన్నట్టు చూపించాలి. ఏ కాగితంతో చూపిస్తుంది?

విద్యార్థి మిత్రులకు పని చెప్తున్నా. సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలు. మూడు జిల్లాల వ్యవసాయ ఆఫీసుల్లో యంత్రాల రాయితీ గత ఐదేండ్లలో ఎంతమందికి, అందులో ఎస్సీలు ఎందరు, ఒక్కొక్కరికి సగటున ఎంత అని అడగండి. రవాణా ఆఫీసుల్లో ట్యాక్స్ మాఫీ పొందిన కరెంటు బండ్లు ఎన్ని, అందులో ఆటోలు ఎన్ని, కార్లు ఎన్ని అని అడగండి. కార్మిక శాఖలో మన జిల్లాల నుంచి నిర్మాణ బోర్డులో రిజిస్టర్ అయినోళ్లు ఎందరో అడగండి. జవాబులు వచ్చినా రాకపోయినా ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపండి, మండలాల వారీగా పట్టిక వేద్దాం.

ఏడో భాగం విత్తన పత్తి చేలల్లో పురుగుమందు పిచికారీ మీద. ఆ డబ్బా భుజాన వేసుకొని తిరిగినోళ్లు ఎవరైనా మాట్లాడతామంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి, పేరు రాయను.